చేతికిస్తె ఒక రేటు, కౌంటర్ మీద పెడితె ఒక రేటు

మా చెల్లె బిడ్డ మమత పరిగిల ఒక స్పేర్ పార్ట్స్ దుకాణంల కౌంటర్ మీద కుదిరింది. మిక్సీ, గ్రైండర్, కూలర్, ఫ్యాను, వాషింగ్ మిషను, వీటి సామాన్లు అమ్మే దుకాణం. "మామా, నువ్వు బతుకంత గా పనే చేసినవ్ కద, నాకు పనికొచ్చేటివి జర రాసియ్యి" అన్నది. రాస్త. కని ముందుగాల్నే చెప్తున్న, ఇవి తియ్యటి మాటలు కావు. చదివినంక నీకు గా కౌంటర్ మీద మనసు విరిగితె నన్ను అనొద్దు.

ఏ మిక్సీకి ఏ కప్లర్ పడ్తది, ఏ మోటర్‌కు ఏ కార్బన్ బ్రష్ పడ్తది, గవన్నీ నేను రాయ. ఫోన్ల కొడితె బొమ్మతోని సహా వస్తున్నయి. నా జీతం ఎప్పుడెప్పుడు పెరిగిందో గది గూడ రాయ. పెరిగితె కద రాయనీకి! నేను రాసేది రేటు గురించి. ఒక్క సామానుకు రెండు రేట్లు ఎందుకుంటుండె, గా రెండో రేటును ఒకనాడు గోడకు ఎక్కిస్తె ఏమైంది, గిదే నాకు యాదికున్నది. మిగిలినవి మరిచిపోయినా ఫికర్ లేదు.

రెండు రేట్లు

నేను మర్పల్లోన్ని. ముందు వికారాబాద్‌ల, తర్వాత తాండూర్‌ల, ఒకే సేటు దుకాణాలల్ల పనిచేసిన. ఇల్లు వికారాబాద్‌లనే. పొద్దుగాల రైలుకు తాండూరు పోవుడు, పొద్దుగూకినంక రైలుకు తిరిగొచ్చుడు. తాండూరు దుకాణంల నాపరాయి దుమ్ము ఏ సందుల నుంచి వచ్చేదో గని, పొద్దున తుడిచిన కౌంటర్ మీద మధ్యాన్నానికి వేలితోని పేరు రాయొచ్చు. గిరాకిల సగం మంది కర్ణాటక దిక్కునుంచి వచ్చేటోళ్లు. సేడం బస్సు దిగి "ఎష్టు, ఎష్టు", ఎంత ఎంత అనుకుంటనే లోపలికొస్తరు. రేటు తప్ప ఇంకో మాట లేదు.

రేటంటె మా దగ్గర రెండు. ఒకటి మెకానిక్ రేటు, ఒకటి గిరాకి రేటు. గ్రైండర్ బెల్టు మెకానిక్‌కు నూరు రూపాయలకు పడితె, గిరాకికి నూట డెబ్బై. బయటి మనిషి వింటె "గిదేం దోపిడి" అంటడు. చేరిన కొత్తల నేను గూడ గట్లనే అనుకున్న. పనిల పడ్డంక తెలిసింది, దోపిడి ఎవరిదో.

చూడు బిడ్డా. ఒక మెకానిక్ ఒకరింటికి పోతడు. మిక్సీ విప్పుతడు, ఎక్కడ పోయిందో పట్టుకుంటడు, లోపల గట్టిపడ్డ పచ్చడంత గీకి తీస్తడు, బుష్ మారుస్తడు, బిగిస్తడు. గంట పడ్తది. "చేతి కూలి రెండు నూర్లు ఇయ్యి తల్లీ" అంటె ఏమంటరు? "ఏం చేసినవయ్యా, నాలుగు స్క్రూలు బిగించినవ్, గంతకే రెండు నూర్లా?" అంటరు. గదే మనిషి "సామాను మూడు నూర్లయింది, కూలి నీ ఇష్టం" అంటె కిక్కురుమనకుంట మూడు నూర్లు తీసిస్తరు. పైనుంచి ఇరవై రూపాయలు పెట్టి "చాయ్ తాగు" అంటరు, ధర్మం చేసినట్టు.

మన దిక్కు మనుషులు వస్తువుకు పైసలిస్తరు, చేతికియ్యరు. కండ్లకు కనవడాలె, పాతది పక్కన పెట్టి కొత్తది చూస్కోవాలె, అప్పుడే కొంగుముడి ఇప్పుతరు. గందుకని మెకానిక్ తన కూలిని సామాన్ల పెట్టి తీసుకుంటుండె. రెండు రేట్ల నడుమ ఉన్న తేడా వాని కూలి. నోరు తెరిచి అడిగితె ఇయ్యరు గనక, అడగకుంట తీసుకునే కూలి. నీకు ఇంకెవరన్న వేరే తీర్గ చెప్తె, వాడు ఎన్నడూ మిక్సీ విప్పలేదని అర్థం.

పెద్ద సేటు నేర్పిన సైగ

వికారాబాద్ దుకాణంల చేరిన మొదటి వారంల పెద్ద సేటు నన్ను పక్కకు పిలిచిండు. పెద్ద సేటంటె దుకాణం పెట్టినాయన. తెల్లంగి, తెల్ల పంచె, మెల్లని గొంతు. ఆయన నేర్పింది ఒక్కటే సంగతి.

"రాజన్నా, మెకానిక్ పాత పీసు నీ చేతికిస్తే ఆయన రేటు చెప్పు. కౌంటర్ మీద పెడితే గిరాకి రేటు చెప్పు. నోటితోటి ఏం అడగొద్దు."

గంతే సైగ. మెకానిక్ ఒక్కడే వస్తె పాత పీసు నా చేతిల పెడ్తడు. గిరాకిని వెంటబెట్టుకోని వస్తె కౌంటర్ మీద పెడ్తడు. నేను గిరాకి రేటు చెప్త, గిరాకి పైసలు కట్టి పోతడు. పొద్దుగూకే ముందు మెకానిక్ ఒక్కడే వచ్చి తన తేడా తీస్కపోతడు. చూసేటోళ్లకు అర్థం కాదు. పాత బెల్టు చేతిల పెడితె ఏంది, కౌంటర్ మీద పెడితె ఏంది!

గీ సైగ ఎందుకు పుట్టిందంటె, నాకంటె ముందు కౌంటర్ మీద ఉన్నాయన ఒకనాడు గిరాకి ముందరే "నీకైతె నూరే కదన్నా" అని మెకానిక్‌తోని అనేసిండట. గిరాకి అక్కడికక్కడే మెకానిక్ అంగి గల్లా పట్టుకున్నడట. పెద్ద సేటు ఆ కౌంటరాయన్ని మర్నాటినుంచి రానియ్యలే.

"సామాను ఎవడైనా అమ్ముతడు రాజన్నా. మెకానిక్ ఇజ్జత్ మన చేతిల ఉంటది. అది పోతే రేపు వాడు ఏ ఇంట్లకు పోతడు?" అన్నడు నాతోని.

పెద్ద సేటును దేవుణ్ని చేస్తున్ననని అనుకోకు. రైలు లేటైతె సగం రోజు జీతం కోసేటోడు. మా అమ్మ దినాలకు సెలవడిగితె "మూడో రోజు ఒక్కటి చాలదా" అన్నడు. మెకానిక్ ఇజ్జత్ కాపాడింది గూడ మెకానిక్ మీద ప్రేమా పావురంతోని కాదు, మెకానిక్ వస్తెనే గిరాకి వస్తది గనక. అయినా కాపాడిండు. తర్వాత వచ్చినోళ్లను చూసినంక నాకు గదే ఎక్కువనిపిస్తున్నది.

కడిగిన పీసు

రెండు రేట్లు ఉన్నయని తెలిసినోళ్లు ఊకుంటరా? "నేను గూడ మెకానిక్‌నే" అనుకుంట వచ్చేటోళ్లకు లెక్కలేదు. ఒకసారి ఒక బడి పంతులు వచ్చిండు. చేతులకు మంచిగ గ్రీజు పూసుకొచ్చిండు. పాత చొక్కా గూడ తొడుక్కున్నడు, పాపం. "ఒక కప్లర్ కొట్టన్నా, మన రేటుకు" అని పాత పీసు తీసిండు. అది తళతళ మెరుస్తున్నది. సబ్బు పెట్టి కడిగి, ప్లాస్టిక్ కవర్ల పెట్టి తెచ్చిండు.

"సారూ, చేతులకు గ్రీజు మంచిగనే పూసిన్రు గని, పీసెందుకు కడిగిన్రు?" అన్న.

పంతులు నవ్విండు, నేను నవ్విన, పక్కన నిలబడ్డ మెకానిక్‌లైతె కడుపు పట్టుకున్నరు. గిరాకి రేటే కట్టిపోయిండు. ఎనకటి రోజులల్ల నవ్వుకున్న సంగతి అదొక్కటే యాదికున్నది.

మరి మెకానిక్‌లల్ల దొంగలు లేరా అంటె, మస్తు మంది ఉన్నరు. మంచిగున్న కండెన్సర్‌ను కాలిపోయిందని చెప్పి తీస్తరు, దాన్నే ఇంకో ఇంట్ల కొత్తదని బిగిస్తరు. కౌంటర్ మీద ఉన్నోనికి ఇది తెల్వకుంట ఉండదు. పాత పీసు చూస్తె కాలిందో లేదో చెప్పొచ్చు. నాకు తెలుసు, పెద్ద సేటుకూ తెలుసు. ఇద్దరం నోరు మూసుకున్నం. నోరు మూసుకునుడు మా పద్ధతి. కష్టం చేసేటోన్ని గూడ గదే కాపాడుతుండె, మోసం చేసేటోన్ని గూడ గదే కాపాడుతుండె. జనానికి ఇద్దరూ ఒక్కతీర్గనే కనవడితె తప్పు జనానిదెట్లయితది? ఇది నాకు ఆలస్యంగ అర్థమైంది, యాదయ్య సంగతి అయినంక.

యాదయ్య

యాదయ్యది పెద్దేముల్ దిక్కు ఊరు. వాళ్ల నాయిన గొర్లు కాసేటోడు. గొర్ల ఎంట తిరుగుడు ఇష్టం లేక తాండూరుకొచ్చి మోటర్ వైండింగ్ నేర్చుకున్నడు. పని మంచిదే గని, వానికంటె పనిమంతులు గూడ ఉండిరి. యాదయ్యకున్నది నోరు. వాడు దుకాణంలకు అడుగుపెడితె ఫ్యాను చప్పుడు వినపడదు. ఎవరింట్ల ఏం కూర వండిన్రో, ఏ సర్పంచ్ కూలర్‌ల బల్లి సచ్చిందో, అంత చెప్పాలె. చెప్పుకుంటనే పాత పీసు నా చేతిల పెట్టేటోడు.

వానికి ఒక్కటే పిచ్చి, పేరు. ఊర్ల అడుగుపెడితె "యాదయ్యొచ్చిండు, యాదయ్యొచ్చిండు" అని గల్లీ అంత మిక్సీలు చంకల పెట్టుకోని రావాలె. షేర్ ఆటోల కూసుంటె ఎవరో ఒకరు "యాదయ్యా, మా గ్రైండర్ గుర్రుమంటున్నదే" అనాలె.

"అన్నా, ఎమ్మెల్యే పేరు తెల్వనోళ్లు ఉన్నరు గని, మా మండలంల యాదయ్య పేరు తెల్వనోళ్లు లేరు" అంటుండె నాతోని.

"గంత పేరుంటె ఓట్లకు నిలబడు" అంటుంటి.

"నిలబడితె మీ ఇంటి మిక్సీ ఎవరు చేస్తరే?" అంటుండె.

తాండూరు స్టేషన్ బయట సత్తెమ్మ ఇడ్లీ బండి ఉండె. నేను రైలు దిగి రోజూ అక్కడనే తింటుంటి. ఆమె పెనిమిటి రాయి పాలిష్ మిషన్‌ల పనిచేసి చేసి ఊపిరితిత్తులు పాడై ఇంట్ల పడ్డడు. ఇంటిల్లిపాదికి బువ్వ పెట్టేది గా బండే, బండికి బువ్వ పెట్టేది ఒక పాత గ్రైండర్. గ్రైండర్ ఒక్కపూట ఆగితె మర్నాడు బండి లేదు. గా గ్రైండర్‌ను ఆగకుంట నడిపింది యాదయ్య. ఫోన్ చేస్తె చేతిల పని ఇడిచిపెట్టి వచ్చేటోడు. ఒకసారి మోటర్ కాలితె, వైండింగ్ అయ్యేదాక తన ఇంట్ల గ్రైండర్ మోటర్ విప్పుకొచ్చి బిగించిండు. "మా ఇంట్ల దోసెలు లేకుంటె సస్తరా" అన్నడు.

కూలి మాట ఏనాడూ ఎత్తలే. బెల్టుకు, బేరింగ్‌కు గిరాకి రేటు తీసుకున్నడు, గంతే. గా తేడానే వాని కూలి. మోటర్ విప్పుకొచ్చి బిగించిన దానికి, ఎన్నిసార్లో ఉత్తగ వచ్చి చూసిపోయిన దానికి, అన్నిటికీ కలిపి గా బెల్టు మీది తేడానే.

గోడ మీది బోర్డు

పెద్ద సేటు పోయిండు. కొడుకు కూసున్నడు. చిన్న సేటు హైదరాబాద్‌ల చదువుకున్నోడు, మాట మర్యాదగ ఉంటది, రైలు లేటైతె జీతం కొయ్యడు. నాకు మొదట్ల సంబురమే అయింది.

అప్పటికే గిరాకిలు ఫోన్లు పట్టుకోని వచ్చుడు మొదలైంది. "చూడన్నా, ఫోన్ల గింత తక్కువున్నది, నువ్వేంది గింత చెప్తున్నవ్" అనుడు. ఫోన్ల వచ్చేదాంట్ల సగం డూప్లికేట్ అని చెప్తె వినరు. అమ్మకాలు పడిపోయినయి, అది నిజమే. ఒకనాడు పొద్దున నేను పోయేసరికి దుకాణం గోడకు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టి ఉన్నది. పైన పెద్ద అక్షరాలు: "మెకానిక్‌కైనా మీకైనా ఒకటే రేటు." కింద ఒక్కొక్క సామాను పేరు, దాని ముందట మెకానిక్ రేటు.

మొత్తం చదివిన. లోపలికి పోయిన.

"చిన్న సేటూ, గిట్ల గోడకెక్కిస్తె మెకానిక్‌లు సస్తరు."

"రాజన్నా, ఫోన్లో కనబడే రేటును నేనెట్లా దాచాలి? పార్సిల్ ఇంటికి వస్తోంది. వాళ్లను లేబర్ ఛార్జ్ విడిగా అడగమనండి. తప్పేముంది?"

"అడిగితె ఇయ్యరు సేటూ."

"ఇవ్వకపోతే అది వాళ్ల ప్రాబ్లం కదా. మన ప్రాబ్లం కాదు."

"ముందుగాల మెకానిక్‌లకన్న ఒక మాట చెప్పి కట్టాలె గద. ఇన్నేండ్లు వాళ్లు తెచ్చిన గిరాకితోనే కద..."

"చెప్తే గొడవ చేస్తారు" అన్నడు. మళ్ల లాప్‌టాప్‌ల తల పెట్టిండు.

ఆయన చెప్పింది పూర్తిగ తప్పు అననీకి నాకు గూడ నోరు రాదు. ఫోన్ రేటు దాగదు. కని ఒకని బతుకును గోడకెక్కించేటప్పుడు వానికి ఒక్క మాట చెప్పాలె. తండ్రికి గా తెలివి ఉండె. కొడుకుకు చదువున్నది.

స్టేషన్ బయట

బోర్డు కట్టిన తర్వాత సత్తెమ్మ మొదటిసారి దుకాణానికొచ్చింది. కూలర్‌కు గడ్డి కావాలని వచ్చింది. గడ్డి తీసుకోని పోతుంటె గోడ మీద గ్రైండర్ బెల్టు కనవడ్డది. గక్కడనే నిలబడ్డది. ఒకటికి రెండుసార్లు చదివింది. నేను ఇంకో గిరాకితోని ఉన్న, పిలిచే లోపలనే పోయింది.

మర్నాడు పొద్దుగాల రైలు దిగి బండి దగ్గరికి పోయిన. ఆటోలోళ్లు, రైలు ప్రయాణికులు, పోలీసాయన ఒకరు, మంది మంచిగనే ఉన్నరు. యాదయ్య గూడ ఉన్నడు, ప్లేట్ పట్టుకోని ఎవరితోనో ముచ్చట పెడ్తున్నడు. సత్తెమ్మ వచ్చి వాని చేతిల ప్లేట్ గుంజుకున్నది.

"దొంగ యాదయ్యా! నా దగ్గర తిననీకి సిగ్గుండాలె నీకు. నూరు రూపాయల బెల్టు నూట డెబ్బైకి అంటగడ్తివి. మంచం పట్టిన మనిషిని పెట్టుకోని బతుకుతున్న, నా దగ్గరనేనారా నీ యాపారం?"

మంది అందరు అటే చూసిన్రు. ఎప్పుడూ మూతపడని యాదయ్య నోరు మూతపడ్డది. చట్నీ వాని అంగి మీద పడ్డది, అది గూడ తుడుచుకోలే.

నేను ఊకోలే. ఆగలేకపోయిన. "సత్తెమ్మా, గది వాని కూలి. నీ దగ్గర ఏనాడన్న కూలి అడిగిండా? మోటర్ కాలిననాడు తన ఇంటి మోటర్ తెచ్చి పెట్టిండు, దానికేమన్న తీసుకున్నడా? గా డెబ్బై రూపాయలల్లనే అదంత ఉన్నది" అన్న.

ఆమె నా దిక్కు తిరిగింది. "కూలైతె కూలి అని అడగాలె. బెల్టు పేరు ఎందుకు చెప్పాలె? మంచి పైసలైతె దాచుడెందుకన్నా? నువ్వు గూడ దాంట్లనే ఉన్నవ్. ఇన్నేండ్లు నా ఇడ్లీ తింటున్నవ్, ఒక్కనాడన్న చెప్పినవా?"

మంచి పైసలైతె దాచుడెందుకు? బతుకంత రెండు రేట్లు చెప్పినోన్ని, గీ ఒక్క సవాలుకు తయారుగ లేను. యాదయ్య తల వంచుకోని పోయిండు. నేను పైసలు బండి మీద పెట్టి తినకుంటనే దుకాణానికి పోయిన.

ఆమెకు చెప్పాల్సిన మాట నాకు పొద్దుగూకినంక రైల్ల యాదికొచ్చింది. సత్తెమ్మా, నీ ఇడ్లీల మినపపప్పు ఎంత, నీ చేతి కష్టం ఎంత? విడివిడిగ చెప్పి అమ్ముతున్నవా? నీ కూలి గూడ ఇడ్లీల దాచుకునే కద అమ్ముతున్నవ్? గా మాట రైలు గోడకు చెప్పుకున్న. ఏం లాభం? చెప్పాల్సిననాడు రాని మాట సామాను లేని దుకాణం లెక్క.

ఆ తర్వాత వారం తిరగకముందే షేర్ ఆటోలల్ల ముచ్చట పెద్దేముల్ దాక పోయింది. యాదయ్య ఊర్లకు పోతె ఆడోళ్లు ఫోన్ల బోర్డు ఫోటో చూపిచ్చుడు మొదలువెట్టిన్రు. "సామాను మేమే తెచ్చుకుంటం, నువ్వు బిగించిపో" అన్నరు. బిగించినంక కూలి అడిగితె "గింత పనికేనా?" అన్నరు, యాభై చేతిల పెట్టిన్రు. ఇన్నేండ్లు పని ఉత్తగ చేసినట్టు నడిపి ఇప్పుడు అడిగితె ఎవరిస్తరు? కొన్నొద్దులకు వాడు మోపెడ్ అమ్మేసి రాయి పాలిష్ మిషన్‌కు పోయిండు. గా దుమ్ముల పనిచేస్తె ఏమైతదో సత్తెమ్మ ఇంట్ల వానికి కండ్లార కనవడింది. అయినా పోయిండు.

బోర్డు కట్టినంక మెకానిక్‌లు దుకాణానికి వచ్చుడు తక్కువైంది. వచ్చినోళ్లు గూడ పాత పీసు ఎక్కడ పెట్టాల్నో తెల్వక చేతిల పట్టుకోనే నిలబడేటోళ్లు. ఎక్కడ పెట్టినా ఒకటే రేటాయె.

నీలం టీషర్టు

ఇంక నేను రాసేది చదివితె నీకు నవ్వొస్తది బిడ్డా, నాకు మాత్రం కడుపు మండుతది.

ఏడాది తిరిగిందో లేదో, చిన్న సేటు సర్వీస్ సెంటర్ మొదలువెట్టిండు. ఫోన్ చేస్తె ఇంటికే మనిషి వస్తడు. నీలం టీషర్టు, నీలం టోపీ, చేతిల చిన్న మిషన్, దాంట్లనుంచి బిల్లు వస్తది. బిల్లుల సామాను ఒక వరుస, విజిటింగ్ ఛార్జ్ ఒక వరుస, పన్ను ఒక వరుస. విజిటింగ్ ఛార్జ్ మూడు నూర్ల యాభై. విప్పినా గదే, విప్పకున్నా గదే.

నేననుకున్న, తాండూరు జనం గీ సెంటర్‌ను తగలబెడ్తరు అని. ఏమన్న అయిందా? కిక్కురుమనలే. బేరం లేదు, "నాలుగు స్క్రూలకు గింతనా" అనుడు లేదు. యాదయ్య డెబ్బై రూపాయలకు గల్లా పట్టినోళ్లు, టీషర్టుకు మూడు నూర్ల యాభై ఇచ్చి "చాయ్ తాగుతరా సార్" అన్నరు. కాయితం మీద అచ్చయితె గది రేటు, మనిషి నోటితోని అడిగితె గది మోసం. జనం మీద నాకున్న నమ్మకం గా యాడాదిలనే పోయింది, మళ్ల రాలే.

సెంటర్‌కు మనుషులు దొరుకుతలేరని చిన్న సేటు నన్నే అడిగిండు, పాత మెకానిక్‌లు ఎవరన్న వస్తరా అని. నేను యాదయ్యకు కబురు పెట్టిన. రాడనుకున్న. వచ్చిండు. దగ్గు మొదలైందట. నెల జీతం. విజిటింగ్ ఛార్జ్‌ల వానికి రూపాయి రాదు.

టీషర్టు వానికి వదులైంది. మునుపటి లెక్క మాట్లాడుతలేడు. పొద్దున వస్తడు, ఫోన్ల చూపిచ్చిన అడ్రసుకు పోతడు, వస్తడు. పాత పీసులు కౌంటర్‌ల జమ చేయాలని రూలు పెట్టిన్రు, తెచ్చి డబ్బల ఏస్తడు.

నేను కొలువు దిగిపోయే నెలల ఒకనాడు సత్తెమ్మ ఇంటినుంచి సర్వీస్‌కు ఫోన్ వచ్చింది. గ్రైండర్ తిరుగుతలేదు. పోయే వంతు యాదయ్యది. నేను ఇంకొకన్ని పంపమందామనుకున్న, యాదయ్య అప్పటికే సంచి తీసుకున్నడు. "నాకే తెలుసన్నా గా గ్రైండర్" అన్నడు. గంతే అన్నడు.

మధ్యాన్నం తిరిగొచ్చిండు. దుకాణంల గిరాకి లేదు. పాత బెల్టును డబ్బల ఎయ్యలే, కౌంటర్ మీద పెట్టలే. తెచ్చి నా చేతికిచ్చిండు. ఎనకటి లెక్కనే. నేను దాన్ని పట్టుకోని నిలబడ్డ. చెప్పనీకి నా దగ్గర రేటు లేదు.

"ఏమైందిరా? పైసలకేమన్న లొల్లి పెట్టిందా?" అన్న.

"లేదన్నా. అడిగినంత ఇచ్చింది. బిల్లు కాయితం మడత పెట్టి పైసల డబ్బల దాచుకున్నది. 'సర్వీసాయనొచ్చిండు, చాయ్ పొయ్యి' అన్నది బిడ్డతోని."

"నిన్ను గుర్తువట్టలేదా?"

"ఎందుకు గుర్తువట్టదు! మొకం చూసింది, కండ్లు కిందికేస్కున్నది. వచ్చేదాక 'సర్వీసాయన, సర్వీసాయన' అన్నది."

నేను బిల్లు నకలు చూసిన. దాంట్ల గూడ వాని పేరు లేదు. "టెక్నీషియన్ నాలుగు" అని ఉన్నది.

మమతా, నీకు నేను చెప్పేది ఇంతే. నీ దుకాణంల రెండు రేట్లుంటె, మెకానిక్‌లకు మొదటి రోజే చెప్పు, కూలి విడిగ అడగమని. ఇయ్యకుంటె మిక్సీ బిగించకుంట లేవమని. నోరు మూసుకోని కాపాడుదామని మేము చూసినం, కాపాడలేకపోయినం. నువ్వు చెప్పినా వినకపోవచ్చు. చెప్పి చూడు.

యాదయ్య గా రోజు టోపీ తీసి కౌంటర్ మీద పెట్టిండు. మధ్యాన్నం దుమ్ము పేరుకున్నది, దాంట్ల వేలితోని ఏదో రాసిండు, మళ్ల అరచెయ్యితోని తుడిచిండు.

"దొంగ అన్ననాడన్న, యాదయ్య అని పేరు పెట్టి పిలిచిందన్నా" అన్నడు.